కంప్యూటరు తెరుచుకోనప్పుడు: ఫార్మాట్ చేయించే ముందు

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కించాలంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసరు ఉండాలి. మన ఇళ్ళలో, మదర్సాలలో, చిన్న దుకాణాలలో పనిచేస్తున్న పాత కంప్యూటర్లు అనేకం ఆ షరతులకు తూగవు. అందుచేత చదువుకునే పిల్లలు విండోస్‌ను ఉన్నచోటనే ఉంచి, దాని పక్కన ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను కూడా ఎక్కించుకుంటున్నారు. మీట నొక్కగానే తెరమీద ఒక చిన్న జాబితా కనబడుతుంది. ఏ వ్యవస్థలోకి వెళ్ళాలో ఎంచుకోవచ్చు. ఎవరూ ఏమీ నొక్కకపోతే కొన్ని సెకన్ల తరువాత ముందుగా నిర్ణయించిన వ్యవస్థ, అనగా డిఫాల్ట్, తనంతట తానే తెరుచుకుంటుంది.

ఈ ఏర్పాటు నెలల తరబడి నిరాటంకంగా సాగి, ఒకనాడు హఠాత్తుగా మొండికేస్తుంది. ఒకరి ఇంట్లో ఉబుంటుకు బదులు విండోస్ తెరుచుకుంటుంది. మరొకరి ఇంట్లో జాబితా కనబడి అక్కడే ఆగిపోతుంది. ఇంకొకరికి నల్లని తెరమీద రెండు ఇంగ్లీషు పంక్తులు మాత్రమే మిగులుతాయి. ఇంటిల్లిపాది కంగారుపడి యంత్రాన్ని దుకాణానికి మోసుకుపోతే, అక్కడ చాలాసార్లు వినబడే తీర్పు ఒక్కటే: ఫార్మాట్ కొట్టాలి, డేటా రాదు.

ఈ తీర్పును వెంటనే అంగీకరించవద్దని చెప్పడానికే ఈ వ్యాసం. ప్రారంభ జాబితా చెడినప్పుడు లోపలి ఫైళ్ళు సాధారణంగా చెక్కుచెదరకుండా ఉంటాయి. కవరు మీద చిరునామా తప్పుగా రాస్తే ఉత్తరం చేరదు, అంతమాత్రాన ఇల్లు కూలిపోదు కదా. ఆ చిరునామాను సరిదిద్దడానికి బదులు ఇంటినే పడగొట్టడం ఫార్మాట్ చేసే పని.

మీట నొక్కినప్పటి నుండి తెర వెలిగేదాకా జరిగేది ఒకరి చేతినుండి మరొకరి చేతికి పని అప్పగించే వ్యవహారం. మొదట మేల్కొనేది మదర్‌బోర్డు మీది చిన్న చిప్పులో నివసించే ఫర్మ్‌వేర్. పూర్వం దానిని బయోస్ అనేవారు, నేటి యంత్రాలలో యూఈఎఫ్ఐ అంటున్నారు. అది తన దగ్గరున్న వరుస పట్టికను చూసి, ఎవరిని ముందు పిలవాలో నిర్ణయిస్తుంది. పాత పద్ధతిలో డిస్కు మొట్టమొదటి 512 బైట్ల గదిని చదివేది. అందులో ప్రోగ్రాముకు దక్కే చోటు 446 బైట్లే. మిగిలినది డిస్కు విభజనల పట్టికకు, చివరి గుర్తుకు పోతుంది. కొత్త పద్ధతిలో డిస్కు మీద ఒక చిన్న ప్రత్యేక విభాగం ఉంటుంది, విండోస్ తన బూట్‌లోడర్‌నూ ఉబుంటు తన బూట్‌లోడర్‌నూ అందులోనే వేరువేరు ఫోల్డర్లలో పెట్టుకుంటాయి.

బూట్‌లోడర్ అంటే వ్యవస్థను జ్ఞాపకశక్తిలోకి ఎక్కించే ప్రోగ్రాము. లినక్స్ యంత్రాలలో ఎక్కువగా కనబడేది గ్రబ్. 1995లో ఎరిక్ బోలిన్ అనే ఆయన గ్నూ హర్డ్ అనే వ్యవస్థను లేపడానికి దీనిని ప్రారంభించాడు. హర్డ్ పేరు నేడు బహు కొద్దిమందికి తెలుసు, గ్రబ్ మాత్రం లోకమంతటా వ్యాపించింది. ఈ గ్రబ్ కెర్నల్‌ను లేపుతుంది, కెర్నల్ మిగతా వ్యవస్థను లేపుతుంది. మన ఫైళ్ళు ఈ గొలుసులో ఎక్కడా లేవు. అవి డిస్కు మీద తమ చోట తాము పడి ఉంటాయి.

కనుక మొదట చేయవలసినది గొలుసులో ఏ లంకె తెగిందో కనిపెట్టడం. తెరమీద ఏ సందేశం వచ్చినా ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. దుకాణంలో “ఏదో ఎర్రర్ వచ్చింది భాయీ” అని చెప్పడానికీ ఆ ఫొటో చూపించడానికీ ఎంతో తేడా ఉంది.

జాబితా చక్కగా కనబడి, తప్పు వ్యవస్థ తెరుచుకుంటోందనుకోండి. అప్పుడు గొలుసు తెగనే లేదు, లెక్క మాత్రం తప్పింది. గ్రబ్ తన జాబితాలోని వరుసలను సున్నా నుండి లెక్కిస్తుంది. మొదటి వరుస 0, రెండవది 1, మూడవది 2. ఉబుంటులో సాధారణంగా మొదటి వరుస ఉబుంటు, రెండవది పాత కెర్నల్‌లు దాగి ఉండే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆ తరువాత ఎక్కడో విండోస్. ఇంట్లో ఎవరో విండోస్‌ను డిఫాల్ట్ చేయాలని సెట్టింగులలో 2 అని రాసి ఉంటారు. కొంతకాలానికి ఒక నవీకరణ వచ్చి మధ్యలో మెమొరీ పరీక్ష వరుసలు చేరితే విండోస్ 4వ సంఖ్యకు జరిగిపోతుంది. సెట్టింగులో మాత్రం 2 అలాగే ఉంటుంది. యంత్రం మనం చెప్పినదే చేస్తోంది, మనం చెప్పిన సంఖ్య ఇప్పుడు మరొకరిదైపోయింది.

దీనికి మందు సంఖ్యకు బదులు పేరు రాయడం. ఈటీసీ ఫోల్డరులోని డిఫాల్ట్ ఫోల్డరులో గ్రబ్ అనే ఫైలు ఉంటుంది. అందులో గ్రబ్ డిఫాల్ట్ అనే పంక్తి దగ్గర, జాబితాలో కనబడే పేరును అక్షరం పొల్లుపోకుండా, ఖాళీలతో, బ్రాకెట్లతో సహా కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి. ఒక్క ఖాళీ తేడా వచ్చినా గ్రబ్ ఆ పేరును గుర్తించదు, మొదటి వరుసకే పోతుంది. రాసిన తరువాత టెర్మినల్‌లో సుడో అప్‌డేట్-గ్రబ్ అనే ఆదేశం ఇవ్వాలి. ఆదేశాలన్నీ ఇంగ్లీషు అక్షరాలలోనే టైపు చేయాలని వేరే చెప్పనక్కరలేదు. ఈ చివరి మెట్టును చాలామంది వదిలేస్తారు. యంత్రం మొదలయ్యేటప్పుడు చదివేది మనం దిద్దిన ఫైలును కాదు, దానినుండి తయారయ్యే మరొక ఫైలును. అప్‌డేట్-గ్రబ్ ఆ రెండవ ఫైలును కొత్తగా రాస్తుంది. ఆ రెండవదానిని నేరుగా దిద్దేవారు కూడా ఉన్నారు, తరువాతి నవీకరణతో వారి శ్రమ చెరిగిపోతుంది. దిద్దవద్దని ఆ ఫైలు తలమీదనే రాసి ఉంటుంది, చదివేవారు తక్కువ.

మరొక పద్ధతి కూడా ఉంది. డిఫాల్ట్ దగ్గర సేవ్‌డ్ అని రాసి, గ్రబ్ సేవ్‌డిఫాల్ట్ అనే పంక్తిని ట్రూ అని పెడితే, నిన్న ఎవరు ఏది ఎంచుకున్నారో నేడు అదే తెరుచుకుంటుంది. ఇద్దరు ముగ్గురు వాడే ఇంటి కంప్యూటరుకు దీనిని నేను సిఫారసు చేయను. తమ్ముడు ఆటకోసం విండోస్‌లోకి వెళ్తే, మర్నాడు అక్క కూర్చునేసరికి అదే వస్తుంది, తగవు మొదలవుతుంది. పైగా ఈ జ్ఞాపకాన్ని గ్రబ్ 1024 బైట్ల చిన్న ఫైలులో రాసుకుంటుంది. డిస్కును ఎల్‌వీఎం, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వంటి పద్ధతులలో అమర్చినప్పుడు ప్రారంభ సమయంలో గ్రబ్ ఆ ఫైలును చదవగలదు గాని రాయలేదు. ఎన్నిసార్లు ఎంచుకున్నా గుర్తుపెట్టుకోవడం లేదని విసుగుచెందేవారు ఈ సంగతిని పరిశీలించాలి.

కరెంటు కోతలున్న మన ఊళ్ళకు సంబంధించిన విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఉబుంటు మొదలవుతున్నప్పుడు గ్రబ్ ఒక గుర్తు పెట్టుకుంటుంది. వ్యవస్థ పూర్తిగా లేచిన తరువాత ఆ గుర్తును తుడిచేస్తుంది. మధ్యలో కరెంటు పోతే గుర్తు మిగిలిపోతుంది. మరుసటిసారి గ్రబ్ దానిని చూసి, క్రితంసారి ఏదో ఆటంకం కలిగిందని గ్రహించి, ఎన్నడూ కనబడని జాబితాను తెరమీద పరచి, 30 సెకన్లు నిరీక్షిస్తుంది. ఇది జబ్బు కాదు, జాగ్రత్త. అర నిమిషం ఓపికపట్టినా, ఎంటర్ మీట నొక్కినా వ్యవస్థ తెరుచుకుంటుంది. ఆ అర నిమిషంలోనే భయపడి మీట ఆపేవారు మళ్ళీ అదే గుర్తును మిగిల్చి, మళ్ళీ అదే జాబితాను చూస్తారు.

ఇక జాబితాయే రాకుండా యంత్రం నేరుగా విండోస్‌లోకి పోతే, తప్పు గ్రబ్‌ది కాదు. దానిని ఎవరూ పిలవడం లేదు. ఫర్మ్‌వేర్‌లోని వరుస పట్టిక తారుమారైంది. విండోస్ పెద్ద నవీకరణ తరువాత ఇలా జరగవచ్చు. ఫర్మ్‌వేర్ సెట్టింగులు మొదటి స్థితికి వెళ్ళినప్పుడు కూడా జరుగుతుంది.

గత సంవత్సరం మా మదర్సాకు దగ్గరలోని ఒక ఇంట్లో ఇదే సంభవించింది. వారి అమ్మాయి ఎం.ఎస్సీ. చివరి సంవత్సరం చదువుతోంది, ప్రాజెక్టు మొత్తం ఉబుంటులోనే రాసుకుంది. ఇంటి స్థలానికి సంబంధించిన పాత కాగితాల స్కాన్ ప్రతులు కూడా అందులోనే ఉన్నాయి. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చిన తరువాత ఉబుంటు జాడలేదు, విండోస్ మాత్రమే తెరుచుకుంటోంది. దుకాణంలో చూపిస్తే ఆ రెండవ వ్యవస్థ ఎగిరిపోయిందని, ఫార్మాట్ చేసి కొత్తగా ఎక్కించాలని చెప్పారు.

“హజ్రత్, మా మామగారి కాగితాలన్నీ అందులోనే పెట్టాం. బేటీ ప్రాజెక్టుకు ఇంకా పదకొండు రోజులే గడువుంది. ఫార్మాట్‌కు ఒప్పుకోమంటారా?” అని ఆ తల్లి అడిగింది.

“ఒప్పుకోకండమ్మా. యంత్రాన్ని ఇంటికి తెప్పించండి, మా పిల్లవాడిని పంపుతాను” అన్నాను.

మా విద్యార్థులలో కంప్యూటరు మీద ఆసక్తిగల ఒక కుర్రవాడు వెళ్ళి చూశాడు. వాడు మొదట గమనించినది గడియారం. తెరమీద తేదీ ఎన్నో ఏళ్ళ వెనక్కి పోయి ఉంది. మదర్‌బోర్డు మీద నాణెం వంటి 3 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. చాలా బోర్డులలో ఫర్మ్‌వేర్ సెట్టింగులను నిలబెట్టేది కూడా అదే. అది అయిపోయింది. కరెంటు పోగానే సెట్టింగులు మొదటికి వెళ్ళి, వరుసలో విండోస్ పైకి వచ్చింది. కొత్త బ్యాటరీ వేసి, ఫర్మ్‌వేర్‌లో ఉబుంటును పైకి జరిపేసరికి జాబితా తిరిగి వచ్చింది. మొత్తం అరగంట పని. అమ్మాయి ముందుగా తన ప్రాజెక్టును పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని, తరువాతనే కూర్చుని నీళ్ళు తాగిందట.

ఫర్మ్‌వేర్‌లోకి వెళ్ళే మీట ఒక్కో తయారీలో ఒక్కో విధంగా ఉంటుంది: ఎఫ్2, ఎఫ్10, డిలీట్, ఎస్కేప్. యంత్రం వెలిగిన క్షణం నుండి తడుతూ ఉండాలి. లోపల బూట్ అనే శీర్షిక కింద వరుస కనబడుతుంది. అయితే అక్కడికి వెళ్ళేముందు ఒక హెచ్చరిక. కొత్త ల్యాప్‌టాపులలో విండోస్ డిస్కు మనకు తెలియకుండానే బిట్‌లాకర్ తాళంలో ఉండవచ్చు. ఫర్మ్‌వేర్‌లో మార్పులు జరిగితే విండోస్ అనుమానించి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది సాధారణంగా యంత్రం మొదట అమర్చినప్పుడు వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది. ఆ ఖాతా ఎవరిది, దుకాణదారుడిదా, విదేశంలో ఉన్న అన్నయ్యదా అన్నది ముందే తేల్చుకోండి. అంకెలను కాగితం మీద రాసుకున్న తరువాతనే సెట్టింగులను ముట్టుకోండి.

దీనికి విరుద్ధమైన ఫిర్యాదు కూడా వింటాము: ఉబుంటు వస్తోంది, జాబితాలో విండోస్ మాయమైంది. 2021లో వెలువడిన గ్రబ్ 2.06 నుండి, డిస్కులో ఇతర వ్యవస్థలను వెతికే ఓఎస్-ప్రోబర్ అనే పనిముట్టును భద్రతా కారణాలతో మొదటినుండే ఆపి ఉంచుతున్నారు. పైన చెప్పిన గ్రబ్ ఫైలులోనే గ్రబ్ డిజేబుల్ ఓఎస్ ప్రోబర్ అనే పంక్తికి ఫాల్స్ అని రాసి, అప్‌డేట్-గ్రబ్ ఇస్తే విండోస్ తిరిగి ప్రత్యక్షమవుతుంది. డిస్కులో అది ఎక్కడికీ పోలేదు.

తప్పు ఎల్లప్పుడూ ఇంట్లోదే అనుకోనక్కరలేదు. 2024 ఆగస్టు 13న మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన భద్రతా నవీకరణ తరువాత, రెండు వ్యవస్థలున్న ఎన్నో యంత్రాలలో లినక్స్ తెరుచుకోలేదు. సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అనే సందేశం చూపి యంత్రం ఆగిపోయేది. లోపాలున్న పాత బూట్‌లోడర్లను అడ్డగించడం ఆ నవీకరణ ఉద్దేశం. రెండు వ్యవస్థలున్న యంత్రాలకు అది వర్తించకూడదని సంస్థ సంకల్పించినా, ఆచరణలో వర్తించింది. ఫర్మ్‌వేర్‌లో సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్ళి ఆ విధానాన్ని తొలగించి, మళ్ళీ సెక్యూర్ బూట్‌ను ప్రారంభిస్తే సరిపోయింది. ఫైళ్ళకు ఏ నష్టమూ లేదు. అప్పుడు ఫార్మాట్ చేయించుకున్నవారు మాత్రం నష్టపోయారు.

వరుసను ఎంచుకున్నాక వ్యవస్థ సగంలో ఆగితే, జాబితాలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి క్రితం కెర్నల్‌ను ఎంచుకోండి. కొత్త కెర్నల్ దిగేటప్పుడు బూట్ విభాగం నిండిపోయి ఉంటే ఇలా అవుతుంది. పాతది తెరుచుకున్నాక అనవసరమైన పాత కెర్నల్‌లను తొలగిస్తే చాలు.

అందరినీ ఎక్కువగా భయపెట్టేది గ్రబ్ రెస్క్యూ అనే నల్లని తెర. గ్రబ్ మొదటి ముక్క లేచింది, తన మిగతా ముక్కలున్న విభాగం దానికి దొరకలేదు అని దీని అర్థం. విండోస్‌లో కూర్చుని “ఈ ఖాళీ విభాగం ఎందుకు” అని ఎవరో లినక్స్ విభాగాన్ని తొలగించినా, విభాగాల పరిమాణం మార్చినా ఇది వస్తుంది. లినక్స్ విభాగాన్ని విండోస్ స్వయంగా చదవలేదు. అందుచేత అక్కడ ఏమీ లేనట్లే కనబడుతుంది, కొన్నిసార్లు ఫార్మాట్ చేయమంటారా అని కూడా అడుగుతుంది. ఆ ప్రశ్నకు ఎన్నడూ సరే అనవద్దు.

ఆ నల్లని తెరమీద ఎల్‌ఎస్ అనే రెండక్షరాల ఆదేశం ఇస్తే డిస్కులోని విభాగాల పేర్లు వస్తాయి. డిస్కులను సున్నా నుండి, విభాగాలను ఒకటి నుండి లెక్కించడం గ్రబ్ వింత ఆచారం. ఒక్కొక్క విభాగాన్నీ వెతికి, గ్రబ్ ఫోల్డరు దొరికిన చోటును దానికి చూపిస్తే లేస్తుంది. అనుభవం లేనివారికి దీనికన్నా సులువైన దారి లైవ్ పెన్‌డ్రైవు. 8 జీబీ పెన్‌డ్రైవులో ఉబుంటును గాని మింట్‌ను గాని ఎక్కించి, దానితో యంత్రాన్ని మొదలుపెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అనే మాటను ఎంచుకోవాలి. డిస్కులో ఏ మార్పూ జరగకుండానే ఫైళ్ళన్నీ కళ్ళముందు తెరుచుకుంటాయి. మొదట కావలసినవన్నీ వేరే డిస్కులోకి నకలు చేయండి. మరమ్మత్తు ఆ తరువాత. గ్రబ్‌ను మళ్ళీ ఎక్కించే పనిని బూట్ రిపేర్ అనే ఉచిత పనిముట్టు చాలావరకు తానే చేస్తుంది.

ఇంతవరకు చెప్పినదానికి ఒక మినహాయింపు ఉంది. డిస్కునుండి టిక్కుటిక్కుమనే శబ్దం వస్తున్నా, ఫర్మ్‌వేర్‌లో డిస్కు పేరే కనబడకపోయినా, ఒక చిన్న ఫైలు తెరవడానికి నిమిషాలు పడుతున్నా, అది చిరునామా తప్పు కాదు, గోడలే బీటలువారుతున్నాయి. ముందుగా డిస్కు తీగ వదులైందేమో చూడండి. తీగ సరిగానే ఉంటే మరమ్మత్తు ప్రయోగాలు మానండి. డిస్కు పలుకుతున్నంతసేపు ముఖ్యమైనవి నకలు తీసి, దానిని పక్కన పెట్టండి.

ఫార్మాట్ చేసిన తరువాత కూడా డేటా తీయవచ్చుననే మాట ఒకప్పుడు కొంత నిజం. పాత తిరిగే డిస్కులలో శీఘ్ర ఫార్మాట్ సూచికను మాత్రమే చెరిపేది. దానిమీద కొత్త వ్యవస్థను ఎక్కించనంతవరకు ఆశ ఉండేది. నేటి ఎస్‌ఎస్‌డీలలో ట్రిమ్ అనే ఏర్పాటు ఉంది. ఫార్మాట్ చేయగానే ఆ గదులన్నీ ఖాళీ అని డిస్కుకు తెలియజేస్తారు, అది తీరిక వేళ వాటిని నిజంగానే తుడిచేస్తుంది. ఆ తరువాత ఎంత డబ్బు పోసినా సాధారణంగా ఏమీ రాదు.

దుకాణంలోని కుర్రవాళ్ళు మోసగాళ్ళని నా అభిప్రాయం కాదు. రోజుకు ఎన్నో యంత్రాలు చూసేవారికి ఫార్మాట్ అనేది ఖాయంగా ముగిసే పని, కారణం వెతకడం ఎప్పుడు ముగుస్తుందో తెలియని పని. కూలి రెంటికీ దాదాపు ఒకటే. కనుక అడగవలసిన రీతిలో మనమే అడగాలి. “భాయీ, లైవ్ పెన్‌డ్రైవుతో తెరిచి ముందు ఫైళ్ళు చూపించండి. ఈ డిస్కులోకి నకలు తీయండి. దానికి వేరే కూలి ఇస్తాం. ఆ తరువాత ఏం చేయాలో మాట్లాడుకుందాం” అని చెప్పి, ఖాళీ డిస్కు ఒకటి చేతికివ్వండి. కుదరదంటే యంత్రాన్ని వెనక్కి తెచ్చుకోండి.

మా మదర్సా కంప్యూటరు గదిలో ప్రతి యంత్రం పక్కన ఒక కాగితం అంటించి ఉంది. ఫర్మ్‌వేర్‌లోకి వెళ్ళే మీట, వరుసలో ఎవరు ముందుండాలి, డిఫాల్ట్ వ్యవస్థ పేరు, బ్యాటరీ మార్చిన తేదీ, ఫైళ్ళ నకలు చివరిసారి తీసిన తేదీ దానిమీద ఉంటాయి. రికవరీ కీ మాత్రం ఆ కాగితం మీద రాయము, బీరువాలోని రిజిస్టరులో ఉంటుంది. లైవ్ పెన్‌డ్రైవు కూడా అదే బీరువాలో, తాళంచెవుల పక్కన వేలాడుతూ ఉంటుంది.